సాయంత్రం బస్సు తరఫున

మార్చి 9, సోమవారం
ఇంటి నుంచి

నాన్నగారికి,

మీ అబ్బాయి నమస్కరించి తెలియజేసుకునేది ఏమనగా, ఇక్కడ అమ్మ, చెల్లి, నేను, వంటింటి పైకప్పు అందరం నిలబడే ఉన్నాం. పైకప్పుకి మాత్రం మీరొచ్చినప్పుడు కాస్త వైద్యం చెయ్యాలి. అక్కడ మీ మోకాలి నొప్పి తగ్గిందనీ, గిడ్డంగిలో కొత్త మేనేజరు మీచేత బరువులు మోయించడం మానాడనీ తలుస్తాను. మానకపోతే చెప్పండి. కార్మికుల హక్కుల మీద నా దగ్గర మంచి కరపత్రం ఉంది, పంపిస్తాను. ఆయనకి చదివి వినిపించండి.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటారు. ఫోన్లో అయితే మూడో మాటకి నేను అరుస్తాను, నాలుగో మాటకి మీరు పెట్టేస్తారు. ఉత్తరంలో నేను అరిచినా మీకు వినపడదు, మీరు విసిరికొట్టినా నాకు కనపడదు. పైగా విసిరికొట్టిన ఉత్తరాన్ని కోపం తగ్గాక తీసి మళ్ళీ చదువుకోవచ్చు.

విషయం సాయంత్రం బస్సు. అది తీసేస్తారన్న పుకారు విని పోయిన నెల ఫోన్లో మీరు తేల్చి చెప్పేశారు కదా, ఆ బస్సు తీసేస్తే చెల్లి కాలేజీ మానేసి అత్త కుట్టుమిషన్ దగ్గర కూర్చోవాలని, పెద్దరోడ్డు నుంచి ఊళ్ళోకి చీకట్లో ఆడపిల్ల ఒక్కతే నడిచి రావడం మీ కంఠంలో ప్రాణం ఉండగా జరగదని. ఆ రోజునుంచి చెల్లి ఇంట్లో సరిగా మాట్లాడలేదు. రక్తపరీక్షల కోర్సులో చేరినప్పటినుంచి ఎవరు ఖాళీగా కనపడినా వేలు పట్టుకుని సూది గుచ్చే పిల్ల, ఆ సూదుల డబ్బాకి మూత పెట్టి అటక మీదకి ఎక్కించేసింది. గుచ్చించుకోవడానికి నా అంతట నేనే వేలు చాపినా వద్దంది. ఇంకొక్క ఏడాది, నాన్నా. అదొక్కటి గడిస్తే తెల్లకోటు వేసుకుని ఊరందరి రక్తం అధికారికంగా తీసుకుంటుంది.

మీరు ఫోన్ పెట్టేసిన వారానికి ప్రాంతీయ మండలి వాళ్ళు బస్సు షెడ్డు గోడకి నోటీసు అంటించారు. ఎక్కేవాళ్ళు తక్కువ కాబట్టి మన ఊరి సాయంత్రం సర్వీసు రద్దు చేయదలిచారట. అభ్యంతరాలున్నవాళ్ళు శుక్రవారం మండలి కార్యాలయంలో జరిగే బహిరంగ విచారణకు వచ్చి చెప్పుకోవచ్చట. ఆ "చెప్పుకోవచ్చు" చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఎక్కడో కూర్చుని గీత కొట్టేసి, ఏడవాలనుంటే వచ్చి ఏడవండి అన్నట్టు లేదూ? మీరు మాత్రం నోటీసు సంగతి విని, ఇంకేముంది, నేను ముందే చెప్పాను అన్నారు. క్షమించాలి, ఈ విషయంలో మీరు పాలకవర్గం వైపు నిలబడ్డారని నా అభిప్రాయం.

జనం విడివిడిగా మాట్లాడితే అధికారులు వాళ్ళని సులువుగా చీలుస్తారని, ఊరంతా ఒకే గొంతుతో మాట్లాడాలని నేను చదివిన కరపత్రంలో ఉంది. అందుకని ఒక ప్రకటన తయారుచేశాను. పిండిమర బాబాయ్ మర ఆపేసిన తర్వాత ఊళ్ళోవాళ్ళని అక్కడికే పిలిచి, పిండి బస్తాల మధ్య కూర్చోబెట్టి అందరిచేతా బట్టీ పట్టించాను. "ప్రజల ప్రయాణ హక్కును కాలరాచే ఈ నిరంకుశ నిర్ణయాన్ని మేము ముక్తకంఠంతో ఖండిస్తున్నాం" అని మొదలవుతుంది. బాగుంది కదా? అత్త ఇంటికెళ్ళి మిషన్ తొక్కుతూ కూడా వల్లించింది. గొణుగుడు తాత గొణుక్కుంటూ వల్లించాడు, ఆయనకి అలవాటైన పనే. అమ్మ మొత్తం ఒప్పజెప్పి, ఇందులో బస్సు ఎక్కడుందిరా అని అడిగింది. అది అంతరార్థంలో ఉందని చెప్పాను.

శుక్రవారం పొద్దున్న బస్సుకి అందరం బయల్దేరాం. పరీక్ష ఉందని చెల్లి కాలేజీ దగ్గర దిగిపోయింది. నేను గట్టిగా ఏదో ధైర్యం చెప్పబోతే, అన్నయ్యా, నువ్వు మాత్రం అరవకు అని చెప్పి వెళ్ళిపోయింది.

మండలి హాలు మీరు చూడలేదనుకుంటాను. కింది అంతస్తులోనే, పెద్ద కిటికీల గది. పొడుగాటి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద నీళ్ళ జగ్గు. బల్ల వెనక అధ్యక్షురాలు, ఆవిడకి అటూ ఇటూ సభ్యులు, చివర కంప్యూటరు ముందు గుమాస్తా. మనకి వేసినవి ఇనుప కుర్చీలు, ఒకరు కదిలితే వరసంతా కిర్రుమంటుంది. తలుపు దగ్గర అటెండరు, మనిషి తలుపంత ఉన్నాడు.

ముందు పిండిమర బాబాయ్ లేచి ప్రకటన చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అధ్యక్షురాలు శ్రద్ధగా విని తలూపింది, గుమాస్తా టకటకా కొట్టాడు. తర్వాత అత్త లేచింది. రెండో వాక్యం పూర్తికాకుండానే అధ్యక్షురాలు చెయ్యెత్తి, అమ్మా, ఈ మాట ఇప్పుడే నమోదైంది, "పై విధంగానే" అని రాస్తే సరిపోతుందా అని అడిగింది. అత్త నా వైపు చూసింది. సరిపోతుందని కూర్చుంది. తర్వాత గొణుగుడు తాత, పై విధంగానే. పాలావిడ, పై విధంగానే. అమ్మ, పై విధంగానే. టీకాల వరసలా నడిచిపోయింది. లేవడం, నోరు తెరవడం, కూర్చోవడం. పొద్దున్ననగా బయల్దేరిన ఊరు ఊరంతా చిటికెలో అయిపోయింది.

అప్పుడు అధ్యక్షురాలు నిబంధన వివరించింది. కొత్త కారణం చెబితేనే కొత్త అభ్యంతరం కింద లెక్కట. ఒకే మాట ఊరంతా చెప్పినా అది ఒక్క అభ్యంతరమేనట. పక్క ఊళ్ళ బస్సులకి ఇంతకన్నా ఎక్కువే వచ్చాయట. ఆవిడ వెటకారంగా చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాస్త జాలిగానే చెప్పింది. నాకు ఆ జాలి చూసే మండింది.

లేచాను. అధికార యంత్రాంగపు ఉక్కుపాదం గురించి మొదలుపెట్టి చరిత్ర చక్రం దాకా వెళ్ళాను. ప్రజలు వేరు, మీ నిబంధనలు వేరు అని బల్ల గుద్దాను. ఆ గుద్దుకి నీళ్ళ జగ్గు బోర్లాపడి అధ్యక్షురాలి కాగితాలన్నీ తడిసిపోయాయి. అటెండరు వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. నెట్టలేదు, లాగలేదు, అలా చెయ్యేసి నడిపించేశాడు. బయట మెట్ల మీద కూర్చోబెట్టి, టీ తాగుతావా బాబూ అన్నాడు. యంత్రాంగం ఇచ్చే టీ తాగనన్నాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. కాసేపటికి తాగాను.

ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు చెల్లి ముఖమే కనపడింది. ఊరి బస్సుని, చెల్లి చదువుని నా చేతులతో నేనే ముంచేశాననుకున్నాను. అంతలో లోపల్నుంచి మళ్ళీ మాటలు వినపడ్డాయి. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ముందు ఎవరు లేచారో నాకు తెలియదు. నేను వెళ్ళేసరికి అత్త మాట్లాడుతోంది, నా ప్రకటన కాదు, తన మాట. కుట్టిన బట్టలు టౌన్లో షాపుకి వేస్తాను, సాయంత్రం దాకా కదలకుండా కూర్చోగలనని షాపువాడికి తెలుసు కాబట్టే ధర దగ్గర దిగొస్తాడు, మధ్యాహ్నం బస్సుకే తిరిగి రావాలంటే వాడు చెప్పిన ధరకి ఇచ్చేసి రావాలి అంది. కొత్త అభ్యంతరం, రాసుకోండి అంది అధ్యక్షురాలు.

పాలావిడ కొడుకు టౌన్లో పనిచేసి ఆ బస్సులోనే ఇంటికొస్తాడట. బస్సు లేకపోతే అక్కడే గది తీసుకుంటానంటున్నాడట. గది తీసుకున్నవాడు వారానికోసారి వస్తాడు, తర్వాత నెలకోసారి వస్తాడు, నాకు ఆ లెక్క తెలుసు అంది. గొణుగుడు తాతని అడిగితే, నేను ఆ బస్సు ఎప్పుడూ ఎక్కలేదన్నాడు. మరి అభ్యంతరమేమిటయ్యా అంటే, దాని హారన్ వినపడ్డాకే మా కోడలు పొయ్యి వెలిగిస్తుంది, బస్సు రాకపోతే నాకు భోజనమెప్పుడు అన్నాడు. హాలంతా నవ్వింది. ఇది కూడా రాయాలా అని గుమాస్తా అడిగాడు. రాయమంది ఆవిడ.

చివర్న పిండిమర బాబాయ్ రెండోసారి అవకాశం అడిగాడు. ఇందాక చెప్పింది మా కుర్రాడి మాట, ఇప్పుడు నా మాట చెబుతానన్నాడు. ఊళ్ళో మోటారు సైకిలున్నది నాకే, సాయంత్రం బస్సు తీసేస్తే ఆ బస్సు నేనే, మర ఎవరు చూస్తారు, పెట్రోలు ఎవరు పోస్తారు అని నిలదీశాడు. బాబాయ్‌లో ఇంత ప్రజానాయకుడున్నాడని నాకు ఇప్పటిదాకా తెలియదు.

సభ్యులు లోపలి గదిలోకి వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. వచ్చే ఏడాది కాలేజీ పరీక్షలయ్యేదాకా సాయంత్రం బస్సుని కదిలించరు. ఈలోగా సభ్యులే ఆ బస్సెక్కి మన ఊరు వచ్చి చూస్తారు. ఆ తర్వాత మళ్ళీ విచారణ. ఇది పూర్తి విజయం కాదు, నాకు తెలుసు. మళ్ళీ విచారణ అన్నప్పుడే వాళ్ళ మనసులో ఏముందో కనిపెట్టాను. కానీ ఈసారి బట్టీ పట్టించను. ఇంటింటికీ వెళ్ళి, నీకెందుకు కావాలి ఈ బస్సు అని మాత్రం అడిగి, నోరు మూసుకుని వింటాను. ఒకే గొంతు అంటే ఒకే వాక్యం కాదని ఆ కరపత్రం రాసినాయనకి ఒక జవాబు కూడా రాస్తున్నాను.

సాయంత్రం ఆ బస్సులోనే అందరం తిరిగొచ్చాం. కూర్చోవడానికి చోటు లేదు. కండక్టరు, ఏమిటండీ ఇవాళ, పెళ్ళా అని అడిగాడు. కాలేజీ దగ్గర చెల్లి ఎక్కి, ఇంత జనాన్ని చూసి మెట్టు మీదే ఆగిపోయింది. అత్త దాన్ని లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పింది. అంతా విని అది నా చెయ్యి తీసుకుని నాడి చూసి, ఇంకా అరుస్తూనే ఉన్నావు లోపల అంది. ఇంటికి రాగానే అటక మీదనుంచి డబ్బా దింపింది.

కాబట్టి నాన్నా, మీ మాట మీదే నేను నిలబడుతున్నాను. బస్సు తీసేస్తే చదువు మాన్పిస్తానన్నారు. తియ్యలేదు. ఇక మాన్పించడానికి కారణం లేదు. మీకు వేరే కారణం ఉంటే చెప్పండి, వింటాను. కానీ పై విధంగానే అంటే మాత్రం ఒప్పుకోను.

ఇట్లు,
మీకు ఎదురు చెప్పినా మీ పోలికే అని అందరూ అనే,
మీ అబ్బాయి

తా.క.: కవరు అంటించబోతూ అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, ముందు ఎవరు లేచారో తెలియదని రాశావే, నిజం రాస్తావా, ఉత్తరం పొయ్యిలో పెట్టమంటావా అంది. అందుకని రాస్తున్నాను. ముందు లేచింది అమ్మ. నేను కిటికీ దగ్గరికి వెళ్ళింది అమ్మ గొంతు వినే. అక్షరం పొల్లుపోకుండా విన్నాను.

"ఇందాక నాది పై విధంగానే అని రాశారు, అది కొట్టెయ్యండి. మా పిల్ల ఆ బస్సులో చదువుకుని వస్తుంది. బస్సు లేకపోతే చదువు మాన్పిస్తానన్నారు మా ఆయన. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన భయం నిజమైన భయమే, చీకట్లో పిల్ల నడుస్తుందంటే నాకూ కాళ్ళాడవు. ఆ భయానికి బస్సు కావాలి గానీ పిల్లని ఇంట్లో కూర్చోబెడితే ఎలా? మీరు బస్సు తీసేస్తే మా ఇంట్లో నేను ఓడిపోతాను. నన్ను ఓడించకండి."

హాల్లో కుర్చీ కూడా కిర్రుమనలేదు. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి, తడిసిన కాగితాలు పక్కకి జరిపి, గుమాస్తా కంప్యూటరు వైపు చూడకుండా, అమ్మనే చూస్తూ, ఇంకా చెప్పండమ్మా అంది. ఆ తర్వాతే మిగతావాళ్ళు లేచారు.

మన ఇంటి మాట నలుగురిలో చెప్పినందుకు మీరు బాధపడతారని దాచాను. ఇంకో సంగతి కూడా రాయమంటోంది. నన్ను బయటికి తీసుకెళ్ళమని అటెండరుకి సైగ చేసింది అమ్మేనట. వాడుంటే నాకు వంతు రాదు కదా అంది.

కింద అమ్మ తన చేత్తో రాస్తోంది.

ఏమండీ, వాడు రాసిందంతా నిజమే. పిల్ల రేపు పొద్దున్న కూడా కాలేజీకి వెళ్తుంది. మీకు కోపమొస్తే ఫోన్లో వద్దు. సెలవు పెట్టుకుని ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుని కోప్పడండి. మిమ్మల్ని చూసి చాలా రోజులైంది.