సీమోను వేషం

పెనుకొండ,
2025 మార్చి 27.

ప్రియమైన తమ్ముడు ఏసుదాసుకు,

మన ప్రభువు కృప నీకూ, మరదలు కరుణమ్మకూ, ధర్మవరంలోని మీ సంఘమంతటికీ తోడుండాలని కోరుతూ మీ అక్క సలోమి చెప్పేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. శ్రమకాలపు ఉపవాసాలు మీ ఒంటికీ మనసుకూ మేలు చేస్తున్నాయని తలుస్తాను.

కవరు విప్పగానే నీ మొహం ఎలా మారి ఉంటుందో నాకు తెలుసు. మడిచి కిటికీలో పెట్టేద్దామని కూడా అనిపించి ఉంటుంది. పెట్టొద్దు. కూర్చుని చివరిదాకా చదువు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. జయపాల్ పేరెత్తగానే నీ ఫోన్‌కు సిగ్నల్ పోతుంది. ధర్మవరంలో అందరికీ వచ్చే సిగ్నల్ నీ ఒక్కడికే, అదీ కన్నకొడుకు పేరు దగ్గరే ఎందుకు పోతుందో నాకు అర్థం కాదు. ఉత్తరానికి ఆ ఇబ్బంది లేదు.

ముందు నా సంగతి. హిందూపురంలో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పట్టీ తీసేశారు. వంగొద్దు, తలకు నీళ్లు పోసుకోవద్దు, పొయ్యి దగ్గరకు పోవద్దు, కొన్నాళ్లు అక్షరాల మీద కన్ను పెట్టొద్దు అన్నారు. నోటికి మాత్రం ఏ నియమమూ చెప్పలేదు. అది నీ దురదృష్టం.

ఆపరేషన్‌కు తోడుగా మనిషి ఉండాలన్నారు. పక్కింటి హసీనాబీ, నేనొస్తా పద అక్కా అంది. ఆమెకు రంజాన్ ఉపవాసాలు. ఎండిన నోటితో ఆమెను ఆస్పత్రి బెంచీ మీద కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. నీకేమో గుడ్‌ఫ్రైడే నాటకం రిహార్సల్స్. కాబట్టి హిందూపురంలోనే ఉన్న జయపాల్‌కు ఫోన్ చేశాను. యాడికి రావల్లో చెప్పు అత్తా అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు.

నేను ఒక రోజు ముందుగానే వెళ్లాను. ఏ పని చేస్తున్నాడని నువ్వు వాణ్ని ఇంటికి రావద్దన్నావో, ఆ పనిని నా కళ్లతోనే చూడాలనుకున్నాను, ఒక కన్ను మసకే అయినా. పట్టుగూళ్ల మార్కెట్ దగ్గర ఒక అంగడి మీద గది. ఆ వాసన ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కర్లేదు. యూట్యూబ్‌లో దయ్యాల కథలు, హత్యల కథలు చూపించే చానల్ ఒకటి అక్కడి నుంచి నడుస్తోంది. వీడియోలు కత్తిరించి అతికించడం, శబ్దాలు కూర్చడం, నెత్తురు తయారుచేయడం జయపాల్ పని.

దయ్యం వేసే పిల్ల పేరు ఈశ్వరి. మొహం నిండా తెల్లరంగు, విరబోసిన జుట్టు. నేను జడుసుకుంటానేమోనని, భయపడొద్దు అవ్వా, నేను ఈశ్వరిని, అంది. ఆస్పత్రి పనిలో తల నెరిసినదాన్ని, తాటాకు చప్పుళ్లకు బెదిరే కుందేలునా నేను అన్నాను. ఆమె ఒక కేక పెట్టింది. కింద అంగడివాడు తలెత్తి కూడా చూడలేదు, వాడికి అలవాటైపోయింది. తర్వాత ఆ దయ్యం కూర్చుని ఉల్లిపాయ నంజుకుంటూ బొరుగులు తింది. నాకూ పెట్టింది. బాగున్నాయి.

అక్కడిదాకా నవ్వొచ్చింది. ఆ తర్వాత జయపాల్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒక మనిషిని గొడ్డలితో నరికే ఘట్టం. శబ్దం సరిగ్గా కుదరలేదని ఆ ఒక్క వేటునే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుతున్నాడు. నేను తెర వైపు కాకుండా వాడి మొహం వైపు చూశాను. అందులో ఏమీ లేదు. బీన్స్ తరిగే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. చిన్నప్పుడు మీ ఇంట్లో కోడిని కోస్తుంటే మంచం కింద దూరి చెవులు మూసుకున్నవాడు వీడే. నాకు బాధ కలిగింది. కాబట్టి నేను వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోవద్దు.

నీ కోపం కథ నువ్వు నాకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. కరుణమ్మ చెప్పింది కొంత, వాడు చెప్పింది కొంత. నేను చెబుతాను, సరిగ్గా ఉందో లేదో చూసుకో. మీ నాటకానికి నెత్తురు కలిపేది నువ్వే. పట్టుకు అద్దే ఎరుపును చిక్కటి గంజిలో కలుపుతావు, ఒంటికి పట్టుకునేలా. అద్దకం పనివాడివి, నీకు కాక ఎవరికి చేతనవుతుంది. ఆ గిన్నె పట్టుకుని కలియబెట్టింది చిన్నప్పటి నుంచి జయపాలే. కాస్త కాఫీ డికాషన్ పోస్తే నిజం నెత్తురులా ఉంటుందని కనిపెట్టిందీ వాడే. సంఘమంతా మెచ్చుకుంది. నువ్వూ వాడి భుజం తట్టావు.

పోయిన ఏడాది కొరడా దెబ్బల ఘట్టాన్ని వాడు సెల్లులో తీసి, దయ్యాల సంగీతం తగిలించి, ఆ చానల్లో పెట్టాడు. దాన్ని చూసి నలుగురూ ప్రభువు శ్రమ తెలుసుకుంటారని అనుకున్నాడట. నిజంగానే అలా అనుకున్నాడు, ఆ మాట నేను నమ్ముతాను. లక్షల మంది చూశారు. కింద ఏం రాశారో నువ్వు ఒక్కొక్కటీ చదివావు. బ్లడ్ కేక అని ఒకడు. మూడో దెబ్బ మాస్ అని ఒకడు. ఇంకా గట్టిగా కొట్టాల్సింది అని ఇంకొకడు. ప్రభువు వీపు మీద పడిన దెబ్బలకు జనం ఈలలు వేశారు. నీ గుండె రగిలిందంటే తప్పు పట్టను. నాదీ రగిలింది.

ఈస్టర్ తర్వాత పెద్దల కూటంలో, ఇలాంటివి తీసేవాళ్లూ చూసేవాళ్లూ అవి మానేదాకా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గరకు రాకూడదని నువ్వే ప్రతిపాదించావు. వాడి పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. ఇంట్లో మాత్రం పేరు పెట్టే చెప్పావు. నా గడప తొక్కద్దు జయపాలూ, తొక్కినావంటే నేనే బయటికి పోతా అన్నావట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వాడు చానల్ మానలేదు, చర్చి మానాడు.

ఇప్పుడు నీకు తెలియనిది చెబుతాను. కంటికి పట్టీ కట్టిన రోజు ఆస్పత్రిలో నా మంచం పక్కన, పట్టీ ఉన్న వైపు కూర్చుని వాడు చెప్పాడు. తన మొహం నాకు కనబడదు కాబట్టే చెప్పగలిగాడేమో.

పోయిన క్రిస్మస్‌కు ముందు రోజు వాడు బైకు మీద ధర్మవరం బయలుదేరాడట. నువ్వు లోపలికి రానివ్వకపోయినా వాకిట్లో నిలబడి వాళ్లమ్మకు కేకు ఇచ్చి తిరిగిపోదామనుకున్నాడు. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే మీద గొర్రెలు తోలుకుపోతున్న గంగప్ప అనే ఆయనను ఏదో బండి కొట్టేసి పోయింది. వీడు బైకు ఆపి దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. రోడ్డు మీద నెత్తురు. దాన్ని చూడగానే వాడి మనసులోకి వచ్చిన మొదటి మాట, డికాషన్ ఎక్కువైంది.

వాడు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. డికాషన్ ఎక్కువైందే అనుకుంటా అట్లే నిలబడుకున్నా అత్తా, ఆయన నా తట్టే చూస్తాండాడు, నీళ్లు అడుగుతాండాడు, నోరు కదిలేది కనబడతా ఉండాది గానీ నాకు మాట ఇనపడల్యా, అన్నాడు.

ఇక్కడ కాసేపు కలం ఆగింది. ఆగనీ.

రోడ్డు పక్కన పంక్చర్ అంగడి బాబావలి పరుగెత్తుకొచ్చాడు. ఏమబ్బా, ఈడేమన్నా సినిమా చూస్తాండావా, కాళ్లు పట్టు, అని అరిచాడు. అప్పుడు కదిలాడు వీడు. ఇద్దరూ ఎత్తి ఆటోలో పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చారు. గంగప్ప బతికాడు. కాలికి రాడ్ వేశారట, మళ్లీ గొర్రెల వెంట పోతున్నాడట. జయపాల్ మాత్రం ధర్మవరం రాలేదు. కేకు బాబావలి పిల్లలకు ఇచ్చేసి అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు. నాయన చెప్పిందే నిజమాయె, ఆ పనితో నేను చెడిపోతి, ఈ మొగం పెట్టుకోని ఎట్ల పోదును, అన్నాడు. ఆ రోజు కరుణమ్మ ఎవరైనా వస్తారేమోనని వీధి తలుపు వేయకుండా కూర్చుందని నాకు తర్వాత తెలిసింది. వాడి మాటలు విని మంచం మీదే ఏడ్చాను. ఆపరేషన్ కంటితో ఏడవకూడదమ్మా అని నర్సు కసిరింది.

తమ్ముడూ, దయ్యాల సినిమాలు చూస్తే ఇంట్లోకి దయ్యం వస్తుందని నువ్వు ఆదివారం బడిలో పిల్లలకు చెబుతావు. నేను అలా అనుకోను. దయ్యానికి అంత శ్రమ ఎందుకు? ఎదుటి మనిషి కష్టంలో ఉంటే నిలబడి చూడడం మనకు అలవాటైతే చాలు, దాని పని అయిపోయినట్టే. ఆస్పత్రిలో నేను బతుకంతా నెత్తురు చూశాను. నా మనసు బండబారలేదంటే అది నా గొప్ప కాదు. చూసినప్పుడల్లా నా చేతిలో దూదో గుడ్డో ఉండేది. చేతులు కట్టుకుని, రుచి కోసం చూసే నెత్తురే మనిషిని పాడుచేస్తుంది. పవిత్రమైనవాటి మీద మనసు పెట్టమని పౌలు భక్తుడు చెప్పింది, లోకంలోని నొప్పి వైపు చూడనే వద్దని కాదనుకుంటాను. చూస్తే సిలువ దగ్గరి స్త్రీలు చూసినట్టు చూడాలి. వాళ్లూ దూరంగా నిలబడే చూశారు. కానీ తర్వాత సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దాకా వెళ్లారు. హసీనాబీతో ఈ మాట అంటే, మా ఇంట్లోనూ మనవళ్ల ఫోన్లతో ఇదే పంచాయితీ అక్కా, నమాజుకు లేపితే లేవరు, నరుకుడు సినిమా అంటే లేస్తారు అంది.

ఇక నీ నాటకం సంగతి. కోపం తెచ్చుకోకుండా విను. కొరడాలు పట్టే సైనికుల వేషాలకు మీ కుర్రాళ్లు పోటీ పడతారు. పిలాతు వేషానికి సిఫార్సులు వస్తాయి. సీమోను వేషానికి మాత్రం ఏటా మనిషి దొరకడు. సిలువ మోయలేక పడిపోతున్న ప్రభువుకు సాయంగా, దారిన పోతున్న కురేనే ఊరి సీమోనును పట్టుకుని మోయించారు కదా, ఆ వేషం. దానికి మాట లేదు, కిరీటం లేదు, బరువు ఒక్కటే. మీ సిలువేమో నిజం టేకుది. ఆఖరి నిమిషంలో నువ్వు ఎవరినో ఒకరిని చొక్కా పట్టి లాక్కొస్తావు. మేమంతా చాపల మీద కూర్చుని కొరడా దెబ్బలకు అయ్యో అయ్యో అంటాం. ఆ తర్వాత మజ్జిగ తాగి, ఈసారి నెత్తురు బాగా కుదిరిందని చెప్పుకుంటూ ఇళ్లకు పోతాం. ఆ వీడియో కింద రాసినవాళ్లకూ మనకూ తేడా ఉంది. ఎంత ఉందన్నదే నా ప్రశ్న. నాటకం మానమని అనడం లేదు. వచ్చేవాళ్లు కళ్లు ఒక్కటే కాక చేతులు కూడా తెచ్చుకోవాలని నువ్వు ఒక మాట చెబితే బాగుంటుందని నా ఆలోచన.

నిన్ను నేను అడిగేది ఒక్కటే. మట్టలాదివారానికి, నాటకానికి ముందే, వాణ్ని ఇంటికి రానివ్వు. బల్ల సంగతి సంఘం చూసుకుంటుంది, గడప నీది. నువ్వు కోపగించింది సరైన దానికే. కానీ తప్పు తెలుసుకున్నవాణ్ని కూడా బయటే నిలబెట్టే కోపం ఎవరికి పనికొస్తుంది? నువ్వు కాదంటే వాడు మళ్లీ ఆ పనికే పోతాడు. అక్కడ వాడికి జీతం ఉంది, పనిని మెచ్చుకునే మనుషులున్నారు. ఇంకొన్నాళ్లు పోతే రోడ్డు మీద పడిపోయినవాణ్ని చూసి వాడికి డికాషన్ గుర్తొచ్చినందుకు సిగ్గు కూడా వేయదు. నాకు అదే భయం. దయ్యాలకు కాదు, దానికి భయపడుతున్నాను.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. హసీనాబీ సాయంత్రం ఉపవాసం విడిచాక నాకూ గంజి పంపుతోంది. కరుణమ్మ మోకాళ్లకు నేను చెప్పిన నూనె రాస్తున్నావో లేదో, ఆమెను అడిగితే రాస్తున్నాడులే వదినా అంటుంది. నువ్వు రాయడం లేదని నాకు తెలుసు. ఈ రోజు నుంచైనా రాయి.

ప్రార్థనలో నీ పేరు మరవని,
మీ అక్క,
సలోమి.

తా.క.: పైన సంతకం ఒక్కటే నాది, అదీ వంకరగా వచ్చింది. మిగతా అక్షరాలు ఎవరివో నీకు మొదటి గీత దగ్గరే తెలిసిపోయి ఉంటుంది. పలక మీద వేలు పట్టి దిద్దించింది నువ్వే కదా. జయపాల్ ఆ పని మానేసి, గది ఖాళీ చేసి, ఆస్పత్రి నుంచి నాతోనే పెనుకొండ వచ్చేశాడు. నా కంట్లో చుక్కలు వేసేది వాడే, అన్నం వండేదీ వాడే. ఉప్పు ఎక్కువ వేస్తాడు. నేను చెప్పిన మాట ఒక్కటి కూడా మార్చకుండా రాయాలని ముందే మాట తీసుకున్నాను. తన తప్పులన్నీ తన చేత్తోనే రాశాడు. డికాషన్ దగ్గర మాత్రం కలం కింద పెట్టి పెరట్లోకి పోయాడు, కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ అందుకున్నాడు. చేతిరాత పోల్చి కూడా నువ్వు చింపకుండా ఇంతదాకా వచ్చావంటే, నాకు కావలసిన జవాబులో సగం వచ్చేసినట్టే. తన మాటగా ఒక్క వాక్యం రాసుకుంటానన్నాడు. సరే అన్నాను. ఏం రాస్తాడో నేను చదవలేను.

నాయనా, ఈ తూరి సీమోను వేషానికి మనిషి దొరికినాడా?