అంకుల్ ఒప్పేసుకున్న తమిళ చానళ్లు

శుక్రవారం, టాంపినీస్

ఒళ్లు మండిపోతోంది. తెలుగు చానళ్లు ఇమ్మని కేబుల్ కంపెనీని అడగడానికి మా టాంపినీస్ పేట తెలుగువాళ్లమూ, ఊరికి అటువైపున్న చోవా చూ కాంగ్ పేట వాళ్లూ ఒక్కమాట మీదకొచ్చి ఈరోజు కలిసి వెళ్లాం. ఈ దేశంలోనే పుట్టి పెరిగారని, మా తరఫున మాట్లాడ్డానికి అప్పారావు అంకుల్‌ని ముందు కూర్చోబెట్టాం. కంపెనీ అమ్మాయి "ప్రస్తుతానికి తమిళ చానళ్లతో సరిపెట్టుకోండి" అనగానే, మావైపైనా చూడకుండా, "ఓకే లా, అడ్జస్ట్ అయిపోతాం" అని ఇక్కడివాళ్ల 'లా' తగిలించి మరీ అనేశారు!

బయటికొచ్చాక నిలదీశాను.

"మా ఇంట్లో తెలుగొచ్చినవాణ్ని నేనొక్కణ్నే అమ్మా. ఒక్కణ్నే కూర్చుని ఏం చూడను?" అన్నారు.

అయినా నా కోపం తగ్గలేదు.

ఇంటికొచ్చి పాప దగ్గర వాపోయాను. ఫోన్‌లోంచి తలెత్తకుండా, "నెవర్ మైండ్ లా అమ్మా. హూ విల్ వాచ్?" అంది.

"నేను చూస్తానే" అనబోయి ఆగిపోయాను. ఒక్కదాన్నే కూర్చుని…