ఫ్రీ త్రో వేళ బయట నిలబడే మిత్రునికి

సల్మాబాద్, బహ్రెయిన్

మిత్రులు అహ్తెషామ్ గారికి,

ఫోనులో అడిగితే నవ్వి దాటవేస్తారని ఈ ఉత్తరం రాస్తున్నాను. మన బాస్కెట్‌బాల్ క్లబ్బును ఈ సీజను తరువాత మరొక క్లబ్బులో కలుపుతున్నారు. పత్రికలు దీనిని విలీనమంటున్నాయి. నిజానికి మన జట్టు పేరు, ఎర్ర చొక్కా రెండూ పోతాయి.

జట్టు చరిత్ర కోసం పాత అభిమానుల జ్ఞాపకాలు అడిగితే, నేను తప్పులు లేని ఇంగ్లీషులో రాయడానికి కూర్చున్నాను. కర్జకాన్ సిమెంటు మైదానంలో ఊరి కుర్రాళ్లు ఆడిన రోజులు, జీతానికి విదేశీ ఆటగాళ్లు వచ్చిన రోజులు అన్నీ రాశాను. ఏకైక కప్పు గెలిచిన ఆట దగ్గర కలం ఆగింది. ఆనాడు ఆఖరి ఫ్రీ త్రోకు ముందు మీరు లేచి, "నేను చూస్తే బాల్ లోపలికి పోదు సార్. బయట నిలవడ్త, గెలిస్తే పిలువుండ్రి" అన్నారు. గెలిచాము. నేను పిలవడానికి వచ్చేసరికి, మీరు నడిపే మన స్కూలు బస్సు చాటున దువా చేస్తున్నారు. బంతి వలలో పడటం మీరు చూడనేలేదు.

మీరు తిరిగి జగిత్యాల వెళ్లిపోయినప్పటి నుంచి ఆటకు వెళ్లినప్పుడల్లా పక్క కుర్చీలో నా సంచి పెడుతున్నాను. ఎవరైనా అడిగితే మనిషి వస్తారని చెబుతున్నాను.

చివరి ఆట వచ్చే నెలలో ఉంది. మీకు, మీ శ్రీమతి గజాలా గారికి విజిట్ వీసా తీయిస్తానని మా అమ్మాయి స్వర్ణ అంటోంది. ఈసారి జట్టు బలహీనంగా ఉంది. మీరు బయట నిలబడినా గెలిచేలా లేదు. కనుక దయచేసి చివరిదాకా నా పక్కనే కూర్చోండి.

మీ రాకకై చూస్తూ,
మీ సార్