రౌతు గది

నా కొడుక్కి, కూతురికి, సంబంధించిన అందరికీ. ఇది ఎవరో రాసిపెట్టింది కాదు, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా. నాకు డెబ్బై నడుస్తోంది. బుర్ర నిక్షేపంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగల మొనగాడు ఈ ఇంట్లో మీ అమ్మ ఒక్కతే, ఆవిడ కూరగాయలకి వెళ్ళింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. పోయిన వారం రాసింది చింపేశాను, ఇదే చెల్లుతుంది. ఎందుకు చింపానో చివర్లో ఉంది.

1. ఇల్లు నా స్వార్జితం. పటాలం నుంచి వచ్చాక మోటార్లు మోసి మోసి కట్టింది. నా తదనంతరం మీ అమ్మ బతికున్నంత కాలం ఆమెదే, కింద ఐదో అంశంలో చెప్పిన గది తప్ప. అమ్మెయ్యమని ఆమె ప్రాణం తీసినవాడికి ఇందులో చిల్లిగవ్వ రాదు. ఆమె తర్వాత పై వాటా పెద్దోడిది, కింద వాటా చిన్నమ్మాయిది.

2. వీధి వైపు మోటార్ల రివైండింగు కొట్టు, పనిముట్లతో సహా, చిన్నమ్మాయిది. పెద్దోడు మొహం ముడుచుకోవద్దు. కాలిపోయిన మోటారు విప్పి తీగ చుట్టడం దానికొచ్చు. నీకు చేతికి గ్రీజు అంటితే అన్నం సయించదు.

3. పక్కింటి గుమాస్తాకి మా నిచ్చెన. ఏళ్ళ తరబడి ఆయన దగ్గరే ఉంది కాబట్టి మోసుకెళ్ళి ఇవ్వక్కర్లేదు. ఇచ్చేశానని చెప్పండి చాలు, సిగ్గుపడతాడేమో చూద్దాం.

లేచి వీధిలోకి చూసొచ్చాను. నా పటాలం నేస్తం ఇంకా అరుగు మీదే ఉన్నాడు, ఇటు వీపు పెట్టి. చంకకర్రతో నేలని పొడుస్తున్నాడు. కూర్చుంటే రాయలేను, నిలబడితే అక్షరం వంకర పోతోంది. సరే, కానీ.

4. నా పతకం మనవరాలికి. నా భుజాలెక్కి చెవులు లాగడం దాని ఆట. ఆ ఆట ఎక్కడిదో దానికి చెప్పండి. యుద్ధంలో మా లారీ పేలింది. నా కళ్ళ నిండా మట్టి. చెవుల్లో హోరు, మాట వినపడదు. పక్కనున్నవాడికి కళ్ళున్నాయి, కాలు పోయింది. వాణ్ణి భుజాల మీద వేసుకున్నాను. కుడి చెవి లాగితే కుడికి, ఎడమ చెవి లాగితే ఎడమకి, రెండూ లాగితే ఆగాలి. ఆసుపత్రి డేరా దాకా అలాగే. అప్పట్నుంచి వాడికి నేను గుర్రం, నాకు వాడు రౌతు. ఎవరు ఎవర్ని బతికించారని ఇప్పటికీ కొట్టుకుంటాం. మోసింది నేనురా అంటే, నేను లాగకపోతే మోసుకెళ్ళి శత్రువుకి అప్పజెప్పేవాడివి అంటాడు. నా మాటే నిజం. అయినా నేను పోయాక ఆ కథ రౌతు ఎలా చెప్తే అలాగే. మధ్యలో ఎవరూ దిద్దకండి. ఇదీ ఆస్తే, వాడికి రాసిస్తున్నాను.

5. అసలు సంగతి ఇది. కొట్టు వెనక గదిలో రౌతు ఉంటున్నాడు. వాడికి నా అన్నవాళ్ళు లేరు. నేను మోటార్లు మోసుకొస్తే వాడు కూర్చుని తీగ చుట్టాడు. చిన్నమ్మాయికి పని నేర్పింది వాడే. మొన్నామధ్య పెద్దోడు, ఆయన మనకేమవుతాడు నాన్నా, ఏదైనా ఆశ్రమంలో చేర్పిస్తే ఆ గదిలో స్కూటరు పెట్టుకోవచ్చు అన్నాడు. గోడకి అవతల దగ్గు వినపడింది. ఆ రోజే రౌతు పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాడు. నాకు కంటి మీద కునుకు లేదు.

ఏమవుతాడో చదువుకోరా పెద్దోడా. వాడు చెవి లాగకపోతే నేను లేను. నేను లేకపోతే నువ్వు లేవు. ఈ ముక్క మాత్రం రౌతు ముందు చదవకండి, నెత్తికెక్కుతాడు.

సదరు గది, కిటికీ, మంచం, కొళాయి దాకా దారితో సహా, రౌతు బతికున్నంత కాలం అనుభవించే హక్కు వాడిది. ఇల్లు ఎవరి చేతికొచ్చినా ఈ హక్కు కదలదు. చంకకర్రకి అడ్డమని ఆ గడప తీయించాను. మళ్ళీ పెట్టొద్దు.

6. ఇదంతా జరిపించే బాధ్యత చిన్నమ్మాయిది. దానికి నోరుంది.

రౌతూ, ఇక నీకు. పోయిన వారం కాగితం మీద మొదటి సాక్షివి నువ్వే. చదవకుండానే సంతకం పెట్టావు. దస్తావేజులు రాసేవాడు చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఎవరికి ఆస్తి రాశావో వాడి చేతే సాక్షి సంతకమా, ఇక అతనికి రాసింది చెల్లదయ్యా అన్నాడు. అందుకే చింపాను. ఈసారి సాక్షిగా దర్జీని పిలిచానని నీకు మండింది. ఏరా గుర్రం, ఆసుపత్రి మంచం మీద నీకు సంతకం నేర్పింది ఎవడ్రా, నా సంతకం పనికిరాదా అన్నావు. కారణం చెప్తే, నీ గదీ వద్దు నువ్వూ వద్దు అని పెట్టె పట్టుకుని పోతావు. నీ పొగరు నాకు తెలీదా. అందుకే నోరు మూసుకున్నాను. కోపం ఎన్నాళ్ళైనా పెట్టుకో. ఆ గదిలోనే పెట్టుకో. పెట్టె మాత్రం విప్పు.

తేదీ: 9-7-1986, బుధవారం.

ఇంటి యజమాని, మాజీ సిపాయి సంతకం. వేలిముద్ర కాదు.

సాక్షులు: 1. ఎదురింటి దర్జీ. 2. మందుల షాపాయన.

రౌతు ఈ కాగితం మీద ఎక్కడా సంతకం చెయ్యలేదు.