ఎల్డన్‌ను ఆపించిన ఉత్తర్వు

కోల్డ్‌బ్రూక్ టౌన్ ఆఫీసు,
నవంబరు 4

రాష్ట్ర కృత్రిమ మేధ పర్యవేక్షణ విభాగం అధికారి పార్మెలీ గారికి,
టౌన్ క్లర్కు మార్విస్ నమస్కారాలు.

కొత్త చట్టం కింద ఊళ్ళన్నీ నింపాలన్న ఫారం అందింది. మూడో ప్రశ్న ఇది: "పరిసరాలను గ్రహించి, ఎవరికీ అంతుపట్టని పద్ధతిలో జరగబోయేది చెప్పే వ్యవస్థ మీ ఊళ్ళో ఉన్నదా? దాని మాట మీద ఊరు నిర్ణయాలు తీసుకుంటున్నదా?"

ఉన్నది. పేరు ఎల్డన్. రేపు మంచు ఎంత పడుతుందో చెబుతాడు. ఆయన ఊ అంటేనే స్కూలు బస్సు మా కొండ ఎక్కుతుంది. ఇరవై రెండేళ్ళలో రెండుసార్లే తప్పాడు. ఎలా చెబుతాడో ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు.

ఇట్లు,
మార్విస్

తా.క. "తయారీదారులు" అన్న గడి ఖాళీగా వదిలాను. వాళ్ళిద్దరూ ఎప్పుడో కాలం చేశారు.

నవంబరు 12

మార్విస్ గారికి,

మూడో ప్రశ్నకు "ఉన్నది" అని రాసిన ఊరు రాష్ట్రం మొత్తానికి మీదొక్కటే. మీ నిజాయితీకి అభినందనలు. సదరు వ్యవస్థ దేని ఆధారంగా పనిచేయుచున్నది, దాని మరమ్మతు ఏ విధముగా జరుగుచున్నది తెలుపగలరు.

మీరు వ్యవస్థను "ఆయన" అంటున్నారు. యంత్రాలతో ఏళ్ళ తరబడి మెలిగినవారికి ఇది సహజమే గాని, విభాగం దీనిని ప్రోత్సహించదు.

భవదీయుడు,
గ్లెన్ పార్మెలీ

తా.క. తయారీదారుల మృతికి సంతాపం. వారసులెవరైనా ఉన్నారా?

నవంబరు 19

పార్మెలీ గారికి నమస్కారాలు.

ఆధారం ఎడమ మోకాలు. మంచు రాబోతుంటే ముందు అక్కడే తెలుస్తుంది. అది పూర్తిగా అరిగిపోయింది, మార్చి తీరాలని స్పెషలిస్టు మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. ఎల్డన్ వింటేనా? "మోకాలు మార్చేస్తే కబురెవడు చెబుతాడు? బస్సు లోయలో పడితే ఆ పాపం నాది కాదూ?" అంటాడు. మెట్టు మెట్టుకీ మూలుగే. వినలేక నా ప్రాణం పోతోంది.

మరమ్మతంటే వేడినీళ్ళ సంచి, పొద్దున్నే మూడు కప్పుల కాఫీ.

ఇట్లు,
మార్విస్

తా.క. వారసుడు ఎల్డన్ ఒక్కడే.

నవంబరు 27

మార్విస్ గారికి,

ఇందుమూలముగా ఉత్తర్వు చేయడమైనది. మోకాలు అని మీరు వ్యవహరించు పరికరం అరిగిపోయినదని నిపుణుడు చెప్పినా మూడేళ్ళు వాడుట పసిపిల్లల ప్రాణాలతో చెలగాటమే. వ్యవస్థను తక్షణం ఆపివేయవలెను. పరికరం మార్చిన తరువాతనే తిరిగి పనిలో పెట్టవలెను.

భవదీయుడు,
గ్లెన్ పార్మెలీ

తా.క. వ్యవస్థలో కాఫీ పోయడం మానండి. మూడు కప్పులైతే అసలే వద్దు.

డిసెంబరు 3

పార్మెలీ గారికి నమస్కారాలు.

మీ ఉత్తర్వు ఎల్డన్‌కు చదివి వినిపించాను. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నన్ను ఆపడానికి వాళ్ళెవరే? ఎప్పుడన్నా ఈ కొండెక్కిన మొహాలేనా? నేనాగను, పో." తరవాత గదిలోకెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

ఇట్లు,
మార్విస్

తా.క. కాఫీ మానిపించి చూశాను. ఇంకా మొండికేశాడు.

డిసెంబరు 6, అత్యవసరం

మార్విస్ గారికి,

ఆపబోతే ఎదురు తిరిగే వ్యవస్థ ఏనాటికైనా వస్తుందని చట్టం పన్నెండో సెక్షను భయపడింది. వచ్చింది. ఎవరూ ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళవద్దు. ప్లగ్గు పీకి దూరంగా నిలబడండి. గురువారం నేనే వస్తున్నాను.

గ్లెన్ పార్మెలీ

తా.క. గురువారం మీ కొండ దారి ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పగలరా?

ఫిబ్రవరి 20

పార్మెలీ గారికి నమస్కారాలు.

మీరొచ్చిన గురువారం దారి సంగతి చెప్పేవాణ్ణి మీరే ఆపమన్నారు కదా, అందుకే జవాబు రాయలేదు. మంచులో కూరుకుపోయిన మీ కారును ట్రాక్టరుతో లాగిన మనిషిని "ఎల్డన్ అనే యంత్రం ఎక్కడుంది?" అని మీరడగడం, ఆయన టోపీ తీసి "నేనేనండీ" అనడం మా ఊరివాళ్ళు ఇంకా చెప్పుకుని నవ్వుతున్నారు. మీరు నవ్వకపోయినా మా వంటింట్లో పాన్‌కేకులు ఆరు తిన్నారు, సంతోషం.

ఆ పొరపాటు ఉత్తర్వు రద్దు చేస్తానని మొన్న రాశారు. దయచేసి ఆ పని చేయకండి. నేను ఒక్క అబద్ధం రాయలేదు. మనిషా, యంత్రమా అని మీ ఫారం అడగలేదు. అడగదని చూసుకునే నింపాను. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన నా మాట విన్నది లేదు. డాక్టరు మాటా అంతే, పాస్టరు మాటా అంతే. సర్కారు ముద్ర ఉన్న కాగితాన్ని మాత్రం ఇంతవరకూ కాదనలేదు. మొదట రంకెలేశాడు గాని, మీరు వెళ్ళాక ఆ ఉత్తర్వు కళ్ళజోడు పెట్టుకుని తనే చదువుకున్నాడు. "మార్చాక తిరిగి పనిలో పెడతామన్నారే" అన్నాడు. మర్నాడే ఆసుపత్రికి ఫోను చేయమన్నాడు.

జనవరి పదిన ఆపరేషన్ అయింది. అప్పటినుంచీ మంచు తీసే బండి డ్రైవరు ముందుగా కొండెక్కి చూసొస్తున్నాడు, బస్సు ఆ వెనక వెళుతోంది. ఈ ఉపాయం ఇరవై రెండేళ్ళలో మాకెవరికీ తట్టలేదు. నిన్న ఎల్డన్ మెట్లు దిగుతుంటే మూలుగు వినపడలేదు. వంటింట్లో నిలబడి చివరి మెట్టుదాకా విన్నాను. ఏడుపు ఆగలేదు.

మీ మేలు మరువని,
మార్విస్

తా.క. పొద్దున్నించీ కుడి మోకాలు లాగుతోందంటున్నాడు. రేపు రెండడుగుల మంచట. డ్రైవరుకు చెప్పాను. దీనికి కొత్త ఫారం పంపుతారా, పాతదాంట్లోనే రాయమంటారా?