ఫ్లాపు కింద సైకిలు ట్యూబు పట్టీ

ఏవండీ,

మీరు పోయి ఏడాదైంది. పొద్దున్న జ్ఞాపకార్థ కూడిక అయ్యేక మీ తమ్ముడుగారు, "వదినగారూ, కొబ్బరికాయలు పోసుకోడానికి చోటు చాలట్లేదండీ. రేపు షెడ్డులో విమానం విప్పించేస్తాను" అన్నారు. ఆయ్ అన్నాను. కాదనే ఓపిక లేదు.

మీరు సొంతంగా కట్టుకున్న ఆ విమానం ఎగరనేలేదు. అయినా రోజూ సాయంత్రం రెక్క వెనకున్న ఫ్లాపు పలక దించి, ఎత్తి చూసుకునేవారు. అది రెక్కకి రాసుకుని, వంటింట్లోకి వినపడేలా కిర్రుమనేది. ప్రాణం విసిగిపోయేది నాకు. రంగు అరిగిపోతోందని మీరే రెండిటి మధ్యా సైకిలు ట్యూబు పట్టీ అంటించేరు. చప్పుడు ఆగింది. అప్పట్నించీ మీరు షెడ్డులో ఉన్నారో లేదో కేకేసి కనుక్కోవలసొచ్చేది.

ఇందాక వెళ్ళి ఆ పట్టీ పీకేసేను. ఫ్లాపు దించేను. కిర్రుమంది.

వంటింట్లోకి వినపడే ఉంటుందండీ.