మీ రంగు వచ్చిన పిల్ల

ఏవండీ, మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన స్వాతికి మీ రంగే వచ్చింది కదా. పోయిన వారం బడి బాత్‌రూములో ఇద్దరు ఆడపిల్లలు దాన్ని గోడకి అదిమిపట్టి, "కాలీ, కాలీ" అని, నల్లదానా అని హిందీలో వెక్కిరిస్తూ, తెల్లగా చేస్తామని గిన్నెల పీచుతో మోచెయ్యి రక్తం కారేదాకా తోమేశారు.

అందుకని ఇవాళ ఈ గల్ఫ్ దేశపు అజ్మాన్ బడివాళ్లు అన్ని దేశాల తల్లిదండ్రుల్నీ పిలిచి, రంగు చూసి ఎవర్నీ తక్కువ చెయ్యకూడదని సభ పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకతె నా పక్కనుంచే వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. దాని మణికట్టు పట్టుకుని మెలిపెట్టాను.

"ఈ చెయ్యేనా? విరిచేస్తా!"

పిల్ల కెవ్వుమంది. టీచరు లాగుతున్నా వదల్లేదు. చివరికి స్వాతే వచ్చి నా వేళ్లు ఊడబెరికింది.

"నువ్వు రుద్దలేదా అమ్మా? ప్రతి ఆదివారం, సెనగపిండితో, నేను ఏడుస్తున్నా? మరి నీ చెయ్యి ఎవరు విరవాలి?"

హాల్లో దాని మాటలు అర్థమైంది తెలుగు వచ్చిన నా ఒక్కదానికే.

మీరొకసారి ఆ పిండిడబ్బా కిటికీలోంచి విసిరేస్తే, మర్నాడే ఇంకోటి కొన్నాను. ఇవాళ ఇంటికి రాగానే దాన్ని చెత్తబుట్టలో బోర్లించాను. స్వాతి చూసింది. మందు రాద్దామని దగ్గరికి వెళ్తే మాత్రం, మోచెయ్యి వెనక్కి దాచుకుంది.